ఆకు మీద జిగురు ఎక్కడిది?

పిల్లలూ! మీ ఇంట్లో కిటికీ గట్టు మీదనో, మేడ మెట్ల పక్కనో కుండీలో పెరిగే కలబంద ఉన్నదా? రణపాల ఉన్నదా? ఉంటే ఒక్క నిమిషం ఇది చదవటం ఆపి, వెళ్ళి దాని ఆకును వేలితో తాకి రండి.

వేలికి ఏమీ అంటలేదా? చాలా సంతోషం. అయినా మిగిలింది కూడా చదవండి, ఎప్పుడో ఒకప్పుడు పనికి వస్తుంది. బెల్లం పాకం ముట్టుకున్నట్టు వేలు జిగురుగా అయిందా? అయితే ఇది మీ కోసమే.

ఒక పట్నంలో ఒక అమ్మాయి ఉన్నది. అయిదో తరగతి చదువుతున్నది. వాళ్ళ అమ్మమ్మ చాలా కాలం పల్లెటూళ్ళోనే ఉండేది. చివరకు అక్కడి పెంకుటిల్లు అమ్మేసి వీళ్ళ దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు పెరట్లోంచి ఆవిడ ఏమీ తెచ్చుకోలేకపోయింది. బాదంచెట్టునూ, నూతినీ ఎవరు మోసుకు రాగలరు? అందుచేత రణపాల మొక్క నుంచి ఒకే ఒక ఆకు కోసి, పాత పేపర్లో చుట్టి, చేతిసంచీలో వేసుకు వచ్చింది.

రణపాల సొంత దేశం ఆఫ్రికా పక్కన ఉన్న మడగాస్కర్ దీవి. దాని ఆకును తడిమట్టి మీద పడేస్తే చాలు, అంచున ఉండే నొక్కుల్లోంచి బుల్లి బుల్లి మొక్కలు వేళ్ళతో సహా పుట్టుకు వస్తాయి. అమ్మమ్మ తెచ్చిన ఆకుకు అయిదు మొక్కలు లేచాయి. వాటిలో నాలుగు ఎండిపోయాయి. మిగిలినదాన్ని అమ్మాయి కుండీలో పెట్టి పెంచింది. ఏడాది తిరిగేసరికి అది ఆమె మోకాలెత్తు అయింది.

ఒకనాటి పొద్దున అమ్మాయి నీళ్ళు పోస్తూ ఉంటే ఆకు చేతికి అంటుకున్నది. పరీక్షగా చూస్తే ఆకుల మీద వార్నీషు పూసినట్టు మెరుపు కనిపించింది. కుండీ కింద గట్టు కూడా జిగురుగానే ఉన్నది.

"తమ్ముడు షర్బత్ ఒలకబోశాడు!" అన్నది అమ్మాయి.

"నేను కాదు!" అంటూ తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు.

అమ్మ వాణ్ణి రెండు మాటలని, తడిగుడ్డతో ఆకులన్నీ తుడిచేసింది. మూడు రోజులయ్యేసరికి మళ్ళీ అదే జిగురు. ఈసారి తమ్ముడు ఊళ్ళోనే లేడు, బాబాయి ఇంటికి వెళ్ళాడు!

నాన్న వచ్చి చూశాడు. "ఇదేదో తెగులు. ఇక్కడ ఇంకా ఎనిమిది కుండీలున్నాయి. వాటికి అంటుకోకముందే దీన్ని పారేయటం మంచిది," అన్నాడు.

అమ్మాయి అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆవిడకు చూపు సరిగా ఆనదు. దగ్గరికి వచ్చి ఒక ఆకును పైనా కిందా తడిమి, వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుని చూసింది.

"ఇది ఆకులోంచి వచ్చింది కాదు, ఆకు మీద పడింది. ఎక్కడో ఏదో కూర్చుని ఉంటుంది. అమ్మడూ, నాకు కనపడదు, నువ్వు వెతుకు," అన్నది.

నాన్న కాస్త ఆలోచించి, "సరే, నెల రోజులు చూద్దాం. అంతదాకా ఆ కుండీ మిగతావాటి పక్కన ఉండటానికి వీల్లేదు," అన్నాడు.

నాన్న పెట్టిన షరతు చాలా మంచిది. మొక్కకు ఏం వచ్చిందో తెలియక ముందే చేయవలసిన మొదటి పని దాన్ని వేరుగా పెట్టటమే. అమ్మాయి కుండీని వెనక గది కిటికీలోకి మార్చి వెతకటం మొదలుపెట్టింది. మనం కూడా ఆమెతో పాటు వెతుకుదాం.

మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ జిగురు మొక్క సొంతమా? కొన్ని మొక్కలకు సొంత జిగురు ఉంటుంది. కలబంద మట్ట కోస్తే లోపల గుజ్జు జారుతుంది. జెముడు కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. (ఆ పాలు కంటిలో పడితే ప్రమాదం, జాగ్రత్త!) కాని ఇవి గాయం అయిన చోటనే వస్తాయి. దెబ్బ తగలని ఆకుల మీద చుక్కలు చుక్కలుగా జిగురు ఉంటే అది మొక్క కార్చింది కాదనుకోవచ్చు. రణపాల ఆకులు మామూలుగా నున్నగా, పొడిగా ఉంటాయి.

రెండో ప్రశ్న: పైనుంచి పడిందా? మామిడి పూతకు వచ్చినప్పుడు ఆ చెట్టు కింద నిలబడి చూశారా? ఆకులన్నీ జిగురుగా మెరుస్తూ ఉంటాయి. పూతలో రసం పీల్చే తేనెమంచు పురుగులు విసర్జించే తియ్యటి చుక్కలు కింద ఉన్నవాటన్నిటి మీదా పడతాయి. మీ కుండీ అటువంటి చెట్టు కింద ఉంటే, దోషం మీ మొక్కది కాదు. కుండీని అక్కణ్ణించి జరిపితే సరిపోతుంది.

దీన్ని తేల్చటానికి సులువైన పరీక్ష ఒకటి ఉన్నది. ఆకులన్నీ మంచినీళ్ళతో కడిగి, కుండీని ఇంట్లో, పైన ఏ మొక్కా లేని చోట పెట్టండి. కుండీ కింద తెల్లకాగితం పరచండి. నాలుగు రోజులు ఆగండి. జిగురు మళ్ళీ రాకపోతే అది బయటినుంచి పడినదే. ఆకులు మళ్ళీ జిగురై, కాగితం మీద మెరిసే చుక్కలు పడితే, దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

అమ్మాయి కాగితం మీద నాలుగో రోజుకు చుక్కలు పడ్డాయి.

మూడో ప్రశ్న: దొంగ ఎక్కడ? చాలామంది జిగురు ఉన్న ఆకునే పట్టుకుని వెతుకుతారు. అక్కడ ఏమీ కనిపించదు. చుక్క పడిన చోటుకు పైన చూడాలి. పై ఆకుల అడుగుభాగం చూడాలి. ఆకు కాడ కాండాన్ని కలిసే సందులు చూడాలి. కొత్తగా వచ్చే లేత చిగురు విప్పి చూడాలి. భూతద్దం ఉంటే మరీ మంచిది.

అమ్మాయికి పైనుంచి మూడో కణుపు సందులో దూది పింజ లాంటిది కనిపించింది. పుల్లతో కదిపితే ఆ దూది కింద నువ్వుగింజంత పురుగు, ఒంటి నిండా పిండి చల్లుకున్నట్టు, మెల్లిగా కాళ్ళు కదిలించింది. అమ్మమ్మకు చెప్పింది.

"పిండి పూసుకున్నదా? అయితే పిండినల్లి," అన్నది అమ్మమ్మ వెంటనే.

దొంగలు ముగ్గురు

కుండీ మొక్కల మీద జిగురు కనిపిస్తే సాధారణంగా మూడు రకాల పురుగుల్లో ఒకటి కారణమై ఉంటుంది.

మొదటిది పిండినల్లి. తెల్లగా, మెత్తగా, సుమారు 3 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఒంటి మీద ఉండేది పిండి కాదు, మైనం. అందుకే నీళ్ళు చల్లితే దొర్లిపోతాయే గాని దాన్ని తడపవు. ఆడపురుగు దూది లాంటి సంచీలో గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క సంచీలో కొన్ని వందల గుడ్లు ఉండవచ్చు.

రెండోది పొలుసు పురుగు. గోధుమరంగులో, బోర్లించిన చిప్పలాగా కాండానికీ, ఆకు ఈనెకూ అతుక్కుని ఉంటుంది. పెద్దయిన తరవాత దాదాపు కదలదు. చూసినవాళ్ళు అది మొక్క మీద మచ్చ అనుకుంటారు. గోటితో గీస్తే ఊడి వస్తుంది. నిజమైన మచ్చ అయితే ఊడి రాదు గదా!

మూడోదాని పేరులోనే మనం వెతికే సంగతి ఉన్నది: పేనుబంక! పేనంత పురుగు, అది కార్చే బంక. మన రైతులు పురుగునూ, అది చేసే పనినీ కలిపి ఒకే మాటలో చెప్పేశారు. ఇవి పచ్చగానో, నల్లగానో, లేత చిగుళ్ళ మీదా పూకాడల మీదా గుంపులుగా ఉంటాయి. వీటిలో చాలాకాలం ఆడవే ఉండి, మగవాటి అవసరం లేకుండానే, గుడ్లు కాకుండా పిల్లలనే కంటాయి. అందుకే ఇవాళ పది ఉన్నవి పది రోజుల్లో లెక్కకు అందవు.

ఇంత తీపి ఎందుకు పారబోస్తాయి?

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. పురుగు ఆహారం కోసమే గదా రసం తాగుతుంది? తాగిన చక్కెరను మళ్ళీ బయటికి ఎందుకు పారబోస్తుంది?

ఆకు ఎండలో తయారుచేసిన చక్కెర, సన్నని గొట్టాల వంటి కణాల ద్వారా మొక్క అంతటికీ పారుతుంది. ఈ పురుగుల నోరు వెంట్రుక కన్న సన్నటి సూది. అవి ఆ సూదిని సరిగ్గా ఆ గొట్టంలోకి దించుతాయి. గొట్టంలో రసం చాలా వత్తిడితో ఉంటుంది. 1953లో కెనెడీ, మిట్లర్ అనే శాస్త్రజ్ఞులు ఒక తమాషా విషయం ప్రకటించారు. రసం తాగుతున్న పేనుబంక పురుగును దాని సూది దగ్గర కోసేస్తే, ఆకులో మిగిలిపోయిన ఆ సూదిలోంచి రసం దానంతట అదే చుక్కలుగా వస్తూ ఉంటుంది! కొళాయి తిప్పి వదిలేసినట్టే.

ఆ రసంలో చక్కెర ఎక్కువ. ఒళ్ళు పెరగటానికి కావలసిన మాంసకృత్తుల సరుకు బహు తక్కువ. ఆ కాస్త సరుకు కోసం పురుగు చాలా రసం తాగాలి. తాగిన చక్కెర అంతా దానికి అక్కరలేదు. మిగిలిన చక్కెరనీళ్ళను వెనకనుంచి చుక్కలుగా విడుస్తుంది. మన అమ్మాయి వేలికి అంటినది అదే!

ఆ తీపి వాసనకు చీమలు వస్తాయి. చీమలు ఆ చుక్కలను తాగి ఊరుకోవు. గొల్లవాడు ఆవులను కాచినట్టు ఆ పురుగులను కాస్తాయి. వాటిని తినటానికి వేరే పురుగు ఏదైనా వస్తే కరిచి తరిమేస్తాయి. అందుచేత మీ కుండీ మీద చీమలబారు పైకీ కిందికీ నడుస్తూ కనిపిస్తే, వాటిని తిట్టుకుని ఊరుకోకండి. అవి ఎక్కడికి పోతున్నాయో వెంబడే చూడండి. దొంగ ఉన్న ఇంటికి అవే దారి చూపిస్తాయి.

జిగురు చాలా రోజులు ఉంటే దాని మీద నల్లని బూజు పడుతుంది. దాన్ని మసి తెగులు అంటారు. అది ఆకును తినదు, జిగురులోని చక్కెరనే తిని బతుకుతుంది. కాని నల్లదుప్పటి కప్పినట్టు ఆకుకు వెలుతురు అందకుండా చేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. పురుగు ఉన్నంతకాలం మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అమ్మ తుడిచిన జిగురు మూడు రోజుల్లో ఎందుకు తిరిగి వచ్చిందో మీకు అర్థమైంది. కొళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం?

వైద్యం

మొదట చీమల దారి కట్టాలి. పండగకు చేసిన అరిసెలకు చీమలు పట్టకుండా ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తారు? పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో డబ్బా పెడతారు. మొక్కకూ అదే ఉపాయం. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఒక గిన్నె బోర్లించి, దాని మీద కుండీ పెట్టాలి. కుండీ అడుగు నీళ్ళకు తగలకూడదు. ఈ దళసరి ఆకుల మొక్కలు ఆకుల్లోనే నీరు దాచుకుంటాయి. వేళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్ళిపోతాయి. కొమ్మలు గోడకు తగిలినా ప్రయోజనం లేదు, చీమలు ఆ వంతెన మీదుగా వచ్చేస్తాయి. పళ్ళెంలో నీళ్ళు రెండు రోజులకొకసారి మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి.

తరవాత పురుగులను తీసెయ్యాలి. పుల్లకు దూది చుట్టి, మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో ముంచి, కనిపించిన ఒక్కొక్క పురుగుకూ అద్దాలి. స్పిరిట్ వాటి మైనపు పూతను దాటి లోపలికి దిగి చంపేస్తుంది. తెల్లని పురుగు చూస్తుండగానే గోధుమరంగుకు మారుతుంది. ఈ పని పెద్దవాళ్ళ ఎదుటనే, పొయ్యికీ దీపానికీ దూరంగా చెయ్యాలి. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది.

పురుగులు మరీ ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ళలో ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఘాటు లేని ద్రవ సబ్బు కలిపి సందుల్లోకి పోయేలాగా చల్లవచ్చు. గంట తరవాత మంచినీళ్ళతో కడిగెయ్యాలి. సాయంకాలం పూట చల్లాలి, ఎండలో పనికిరాదు. మట్టి మీద ఒక గుడ్డ కప్పితే సబ్బునీళ్ళు వేళ్ళకు దిగవు.

అన్నిటికన్న ముఖ్యం, ఏ మందయినా మొదట ఒక్క ఆకు మీద వేసి రెండు రోజులు చూడాలి. దళసరి ఆకుల మొక్కల్లో కొన్నిటికి సబ్బు పడదు. కొన్ని మొక్కల ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లని పూత ఉంటుంది. అది పురుగు కాదు, ఎండ నుంచి కాపాడే మొక్క సొంత మైనం. దాన్ని తుడిచేస్తే ఆ ఆకు మీద మళ్ళీ రాదు. అటువంటి మొక్కకు సబ్బునీళ్ళూ, వేపనూనె చల్లటం కన్న పుల్లతో అద్దటమే మేలు.

మన అమ్మాయి ఇక్కడే పొరపాటు చేసింది. ఒక చెంచా సబ్బు పనిచేస్తే నాలుగు చెంచాలు ఇంకా బాగా పనిచేస్తాయి గదా అనుకున్నది! నాలుగు చెంచాలూ కలిపి, ఆదివారం మధ్యాహ్నం ఎండలో చల్లింది. మర్నాటికి పై ఆకులు రెండు ఉడికిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. అమ్మాయి అన్నం తినకుండా కూర్చున్నది.

"జ్వరానికి ఒక మాత్ర వెయ్యమంటే నాలుగు వేస్తామా?" అన్నది అమ్మమ్మ. "పోయిన ఆకులు పోయాయి. కింద మంచి ఆకు ఏదైనా ఉన్నదేమో చూడు."

కింద ఒక ఆకు ఆరోగ్యంగా ఉన్నది. దాన్ని కోసి, పైనా కిందా కడిగి, భూతద్దంతో చూసి పురుగు లేదని రూఢి చేసుకుని, వేరే మూకుడులో తడి ఇసక మీద పెట్టారు. మొక్క దక్కకపోయినా ఆకు దక్కితే చాలునని ఇద్దరి ఆశ!

నెల రోజులు ఎందుకు?

ఒక్కసారి పురుగులన్నిటినీ చంపేస్తే పని అయిపోదా? అయిపోదు. దూది సంచీలో ఉన్న గుడ్లు మిగిలిపోతాయి. వేడి రోజుల్లో అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. వాటినుంచి వచ్చే పిల్లలు కంటికి ఆనవు. లేత పసుపురంగులో ధూళికణాల్లాగా ఉండి, చురుగ్గా నడుస్తాయి, పక్క కుండీలకు కూడా పాకుతాయి. అవి పెరిగి పెద్దవై గుడ్లు పెట్టటానికి సుమారు నెల పడుతుంది. అందుకని వారానికి ఒకసారి చొప్పున నాలుగయిదు వారాలు వదలకుండా వెతికి తీసెయ్యాలి. ఒక్క వారం బద్ధకిస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆకుల మీద పురుగు లేకపోయినా మొక్క నీరసంగానే ఉంటే వేళ్ళు చూడాలి. వేళ్ళ చుట్టూ తెల్లని పిండి కనిపిస్తే అది వేరుకు పట్టే పిండినల్లి. అప్పుడు మొక్కను పెకలించి, వేళ్ళు కడిగి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి. దళసరి ఆకుల మొక్కలు ఆ నాలుగు రోజులూ తమలో దాచుకున్న నీటితోనే ఉండగలవు.

మేకవన్నె పులి

మూడో వారంలో ఒక విచిత్రం జరిగింది. చీమలబారు ఆగిపోయి అప్పటికి పదిహేను రోజులయింది. అమ్మాయి పుల్ల పట్టుకుని వెతుకుతూ ఉంటే, కాండం మీద ఒక పెద్ద తెల్ల పురుగు కనిపించింది. ఒళ్ళంతా మైనపు కుచ్చులు వేలాడుతున్నాయి. మామూలు పిండినల్లికి రెండింతలు ఉన్నది.

"అమ్మమ్మా! పిండినల్లుల తల్లి దొరికింది. చంపేస్తున్నాను!" అన్నది అమ్మాయి.

"ఆగు, నడుస్తున్నదా? కూర్చున్నదా?"

"గబగబా నడుస్తున్నది."

"పిండినల్లికి అంత తొందర ఎందుకే? కాసేపు చూడు."

అమ్మాయి భూతద్దం పెట్టి చూసింది. ఆ పురుగు ఒక చిన్న పిండినల్లి దగ్గరికి పోయి, దాన్ని పట్టుకుని తినసాగింది! అమ్మాయి పుల్ల కింద పెట్టేసింది.

అది అక్షింతల పురుగు పిల్ల. అక్షింతల పురుగులంటే మీకు తెలుసు, గుండ్రంగా, మెరుస్తూ, కొన్ని ఎర్రగా నల్లచుక్కలతో ఉంటాయి. వాటిలో కొన్ని జాతుల పిల్లలు పిండినల్లి వేషం వేసుకుని పిండినల్లుల మధ్యనే తిరుగుతూ వాటినే తింటాయి. మేకవన్నె పులి అంటే ఇదే! అటువంటి జాతి ఒకటి, క్రిప్టోలీమస్ అనేదాన్ని, కాఫీతోటల్లో పురుగులను అణచటానికి 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. ఇవాళ దక్షిణదేశంలో అది స్థిరపడిపోయింది. పేనుబంకను తినే అక్షింతల పురుగుల పిల్లలు వేరుగా ఉంటాయి, నల్లగా, పసుపు మచ్చలతో, బుల్లి మొసలిలాగా. వాటిని చూసి భయపడి చంపకండి.

మూడో వారం దాకా ఆ పురుగు ఎందుకు రాలేదు? చీమలు ఉన్నంతకాలం దానికి మొక్క మీద నిలవటం కష్టం. పళ్ళెంలో నీళ్ళు పోసి చీమల దారి కట్టటంతో దానికి దారి తెరుచుకున్నది. ఆ రోజునుంచి అమ్మాయి సబ్బునీళ్ళు చల్లటం మానేసింది. చల్లితే మిత్రుడు కూడా పోతాడు గదా!

దొంగ బంధువులు

ఈ పిండినల్లి కుటుంబం సామాన్యమైనది కాదు. మీ ఇంట్లో లక్కపిడతలున్నాయా? ఏటికొప్పాక బొమ్మ ఉన్నదా? వాటి మీద మెరిసే లక్క, పొలుసు పురుగులకు చుట్టమైన లక్కపురుగు తన ఒంటి చుట్టూ కట్టుకునే గూడునుంచి వచ్చినదే.

ఇంకో చుట్టం నాగజెముడు మీద బతుకుతుంది. అది కూడా తెల్లని దూది కప్పుకునే ఉంటుంది, నలిపితే ఎర్రరంగు వస్తుంది. ఆ రంగు వ్యాపారం చేద్దామని 1795లో బ్రెజిల్ నుంచి ఆ పురుగులను మన దేశానికి తెచ్చారు. తీరా చూస్తే వచ్చింది కోరిన జాతి కాదు, రంగు నాసిగా ఉన్నది. కాని ఆ పురుగు ఒక జాతి నాగజెముడును తిని తుడిచిపెట్టింది. అది చూసి, 1926లో ఇంకో జాతి పురుగును సింహళంనుంచి తెచ్చి, దక్షిణదేశంలో పొలాలను ఆక్రమించిన వేరే నాగజెముడు మీద వదిలారు. కత్తికీ నిప్పుకూ లొంగని ముళ్ళపొదలు కొద్ది ఏళ్ళలోనే చాలా చోట్ల కూలిపోయాయి. ఒక్కొక్క పురుగు తాగేది చుక్కే. అయినా అడ్డు లేకపోతే అడవి లాంటి పొదనే చంపగలదు.

మరి అదే శక్తి మన పంట మీద పడితే? 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడింది. అది పరదేశపు పురుగు, ఇక్కడ దాని శత్రువులు లేవు. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు జిగురెక్కి, నల్లబడి, ఎండిపోయాయి. మందులు ఎన్ని చల్లినా మళ్ళీ వచ్చింది. చివరకు 2010లో ప్యూర్టోరికో దీవినుంచి దాని సహజశత్రువైన బుల్లి కందిరీగ జాతులను తెప్పించి తోటల్లో వదిలారు. ఆ రీగ పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. త్వరలోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. అమ్మాయి కుండీలో జరిగినదీ, ఆ తోటల్లో జరిగినదీ ఒక్కటే.

నెల అయింది

ముప్ఫయ్యో రోజున నాన్న వెనక గదిలోకి వచ్చాడు. మొక్కకు కింది ఆకులు చాలా రాలిపోయాయి. చూడటానికి బోడిగా ఉన్నది. నాన్న ఏమీ మాట్లాడకుండా పై ఆకును వేలితో రాసి చూశాడు. ఆకు నున్నగా, పొడిగా ఉన్నది. చివరన రెండు కొత్త ఆకులు వచ్చాయి. కుండీ కింద పరిచిన కాగితం తెల్లగానే ఉన్నది.

"ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండనీ. తరవాత మిగతావాటి దగ్గరికి తెద్దాం," అన్నాడు నాన్న.

మూకుడులో పెట్టిన ఆకుకు నాలుగు బుల్లి మొక్కలు లేచాయి. నాన్న వాటి వంక చూసి, "ఒకటి నాకు ఇవ్వమ్మా, ఆఫీసులో కిటికీ దగ్గర పెట్టుకుంటాను," అన్నాడు.

"అల్లుడుగారూ, వారానికొకసారి ఆకును తాకి చూడండి. నీళ్ళు మాత్రం మట్టి ఎండాకనే పొయ్యండి," అన్నది అమ్మమ్మ.

ఊరినుంచి వచ్చిన తమ్ముడికి అమ్మాయి తన వాటా పిప్పరమెంట్లు ఇచ్చేసింది. షర్బత్ నేరం మోపినందుకు!

పిల్లలూ, కొత్త మొక్క ఏది కొన్నా, ఎవరిచ్చినా, రెండు మూడు వారాలు వేరుగా పెట్టి చూడండి. మొక్క బలం పుంజుకోవాలని ఎరువు గుప్పించకండి, ఎక్కువ ఎరువుతో వచ్చే లేత చిగుళ్ళంటే ఈ పురుగులకు మహా ఇష్టం. కుండీలను ఒకదానికొకటి తగిలేలా ఇరికించకండి. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఆ రోజున ప్రతి మొక్క ఆకునూ వేలితో తాకి, తిప్పి, అడుగున చూడండి. ఇంట్లో చూపు ఆనని అమ్మమ్మో తాతయ్యో ఉంటే వారిని కూడా పిలవండి. చూడటం మీ వంతు, తాకి చెప్పటం వారి వంతు.